ఊపిరితిత్తుల క్లెయిమ్ వేయించే కన్సల్టెన్సీ: ఐదుకు మూడు స్టార్లు, అవీ ఒక గుమస్తా అమ్మాయి పుణ్యాన

పరిహారం ఆర్డర్ వచ్చిందని ఫోన్ చేసిన రోజే కన్సల్టెన్సీ ఓనరు అడిగాడు, "సార్, ఆన్‌లైన్‌లో ఒక ఫైవ్ స్టార్ పెట్టండి" అని. సరేనన్నాను. తీరా కూర్చుంటే ఐదు పెట్టడానికి మనసు ఒప్పలేదు, ఒకటి పెట్టడానికీ ఒప్పలేదు, అందుకే ఇంత రాయాల్సి వస్తోంది. పేరు మాత్రం రాయను. అవతలి వాళ్లు హైకోర్టుకు వెళ్లారు, మా కాగితాలు ఇంకా వీళ్ల బీరువాలోనే ఉన్నాయి. అయినా పేరుదేముంది, ఏ జిల్లాలోనైనా లేబర్ ఆఫీసు పక్క సందులోకి వెళ్తే జిరాక్స్ షాపు మేడ మీద ఇలాంటిది ఒకటి ఉంటుంది. 'యాక్సిడెంట్ క్లెయిములు, పీఎఫ్, ఈఎస్‌ఐ, గ్రాట్యుటీ, అన్నీ చేయబడును' అని ఫ్లెక్సీ, లోపల రెండు ప్లాస్టిక్ కుర్చీలు, ఒక ప్రింటర్, గోడకి రిటైరైన ఒక ఆఫీసరుతో ఓనరు దిగిన ఫోటో. మాదీ అలాంటిదే.

కేసు మా మేనమామది. మామ గ్రానైట్ క్వారీలో డ్రిల్లర్. కరీంనగర్ వైపు టాన్ బ్రౌన్ రాయి పేరు వినే ఉంటారు, ఊళ్లలో కొత్తింటి మెట్లకు, వంటింటి గట్టుకు వేయించుకుంటారే, ఆ బెల్టులోనే ఒక్కో క్వారీ మారుతూ 14 ఏళ్లు చేశాడు. అంతకు ముందు నాలుగేళ్లు ఒక పాలిషింగ్ యూనిట్లో. జాక్‌హామర్ పట్టుకుని వరసగా బెజ్జాలు వేస్తూ పోవడమే పని. నీళ్లు పోస్తూ డ్రిల్ చేస్తే దుమ్ము లేవదు, అది అందరికీ తెలుసు, కానీ ఎండాకాలం ట్యాంకరు నీళ్లకు ఎవరు డబ్బు పెడతారు? మొహానికి తువ్వాలు కట్టుకుని పొడిగానే కొట్టేవాళ్లు. కంటికి కనిపించే దుమ్మును తువ్వాలు ఆపుతుంది. లోపల పేరుకుపోయేది కంటికి ఆననంత సన్నటి సిలికా, దానికి తువ్వాలూ ఒకటే, జల్లెడా ఒకటే.

2019లో దగ్గు మొదలైంది. ఎక్స్‌రే తీసి టీబీ అన్నారు. ఆరు నెలలు మందులు మింగాడు, అప్పట్లో టీబీ పేషెంటుకు ఇచ్చిన నెలకు 500 కూడా అకౌంట్లో పడ్డాయి. తగ్గలేదు. మళ్లీ ఇంకో కోర్సు. కళ్లె పరీక్షలో రెండుసార్లూ ఏమీ లేదు, అయినా ఎక్స్‌రేలో మచ్చలున్నాయి కదా అని మందులు. 2021 ఆగస్టులో డ్రిల్లు ఎత్తలేక పని మానేశాడు, అప్పటికి యాభై ఏళ్లు. మరుసటి ఏడాది ఎర్రగడ్డ ఛాతీ ఆసుపత్రికి తీసుకెళ్తే అక్కడ ఒక డాక్టరు ఫిల్ము చూడకముందే "ఏం పని చేస్తావు పెద్దాయనా?" అని అడిగారు. మూడేళ్లలో ఆ ప్రశ్న వేసిన మొదటి మనిషి. సీటీలో ఊపిరితిత్తుల పై భాగమంతా ఇసుక జల్లినట్టు చిన్న చిన్న బొడిపెలు, మధ్యలో గ్రంథుల చుట్టూ గుడ్డు పెంకులా తెల్లటి గీత. సిలికోసిస్ అని రాసిచ్చారు. దీనికి మందు లేదు, ముదరకుండా చూసుకోవడమే, ఇకమీదట టీబీ కూడా తొందరగా అంటుకుంటుంది జాగ్రత్త అన్నారు.

ఆ చీటీ పట్టుకుని ఈ కన్సల్టెన్సీకి వెళ్లాం. మొదటి రోజు రివ్యూ అయితే ఐదు స్టార్లే. ఓనరు టీ తెప్పించాడు, "ఇది పక్కా కేసు సార్, 1923 నాటి కార్మిక పరిహార చట్టం, మూడో షెడ్యూల్లో సిలికోసిస్ పేరుతో సహా ఉంది" అన్నాడు. అబద్ధం కాదు, ఉంది. ఆ షెడ్యూల్లో ఏ, బీ, సీ అని మూడు భాగాలు. ఏలో ఉన్న జబ్బుకు ఎన్నాళ్లు పనిచేశావని అడగరు, బీకి కనీసం ఆరు నెలలు ఆ పనిలో ఉండాలి, శబ్దానికి చెవుడు రావడం అందులోకి వస్తుంది. సీలో ఉన్నవి ఏళ్ల తరబడి పేరుకునేవి: రాతి దుమ్ముతో వచ్చే సిలికోసిస్, ఆస్‌బెస్టాసిస్, పత్తి దుమ్ముతో వచ్చే బిసినోసిస్, చెరకు పిప్పితో వచ్చేది. ఒక్క యజమాని దగ్గరే చేసి ఉండాలని లేదు, అయిదారుగురి దగ్గర చేసినా లెక్కలోకి వస్తుంది, పని మానేశాక జబ్బు బయటపడినా వస్తుంది. వింటుంటే చట్టం మామ కోసమే రాసినట్టుంది. అడ్వాన్సు 15,000 కట్టి, వచ్చినదాంట్లో 20 శాతం అని కాగితం మీద సంతకం పెట్టి వచ్చాం. (ఈ పరిహారాన్ని ఇంకొకరికి రాసివ్వడం చెల్లదని అదే చట్టం తొమ్మిదో సెక్షన్లో ఉందని నాకు తర్వాతెప్పుడో తెలిసింది. వాళ్లకు ముందే తెలుసు.)

రెండో వారం నుంచి స్టార్లు రాలడం మొదలు. ముందు మమ్మల్ని సదరం క్యాంపుకు పంపారు, వికలాంగుల సర్టిఫికెట్ తెమ్మని. మామకు మెట్లెక్కితే ఆయాసం, తెల్లవారుజామున బస్సెక్కి పోయి లైన్లో కూర్చుంటే, ఆ సర్టిఫికెట్ ఇచ్చే 21 రకాల్లో ఊపిరితిత్తుల జబ్బే లేదన్నారు. చెయ్యి, కాలు, కన్ను, చెవి, ఇంకా చాలా ఉన్నాయి, ఊపిరి లేదు. ఫోన్ చేస్తే "అవునా సార్? మా యాక్సిడెంట్ కేసులన్నీ అక్కడికే పంపుతాం" అన్నాడు ఓనరు. అప్పుడర్థమైంది, ఈయన జీవితంలో ఊపిరితిత్తుల కేసు చేసినట్టు లేడని.

అనుమానం తీర్చింది అక్కడి గుమస్తా అమ్మాయి. ఒక మధ్యాహ్నం ఓనరు లేనప్పుడు ర్యాక్ చూపించింది. తాడుతో కట్టిన ఫైళ్ల మీద స్కెచ్ పెన్నుతో 'డ్రైవర్ / క్లీనర్', 'బిల్డింగ్ పడుట', 'కరెంట్', 'ప్రెస్ వేళ్లు' అని. లారీ డ్రైవర్ల కట్టలే సగం ర్యాక్. ఎందుకంటే బండికి ఇన్సూరెన్స్ ఉంటుంది, ఎఫ్‌ఐఆర్ ఉంటుంది, ఫలానా తారీకు ఫలానా చోట అని ఉంటుంది, కంపెనీ కట్టక తప్పదు, వీళ్లకు ఫీజు గ్యారంటీ. వేళ్ల కట్ట కూడా లావుగానే ఉంది. మొదటి షెడ్యూల్లో రేటు అచ్చేసి ఉంటుంది మరి: బొటనవేలు పోతే 30 శాతం, చూపుడు వేలు మొత్తం పోతే 14 శాతం. బేరం లేదు, వాదన లేదు, హోటల్ మెనూ చూసినట్టు చూసుకోవడమే. జబ్బుల కేసులు ఎక్కడ అంటే కింది అరలో 'ఇతరములు' అనే కట్ట తీసింది. పదేళ్ల ఆఫీసులో ఏడు ఫైళ్లు. నాలుగు 'రాజీ' అని కొట్టేసి ఉన్నాయి. ఒకటి ఆ మనిషి పోయాక ఇంటివాళ్లు తిరగలేక వదిలేశారు. ఒకటి పత్తి జిన్నింగ్ మిల్లులో చేసిన ఆవిడది, ఆ మిల్లు చేతులు మారి పాత రిజిస్టర్లు లేవన్నారని ఆగిపోయింది. ఏడోది మాది.

ఆ ఒక్క అర చూస్తే ఈ క్లెయిముల తీరంతా తెలిసిపోతుంది. వేలు తెగితే అక్కడే, అందరి ముందే తెగుతుంది. ఊపిరితిత్తికి తారీకు లేదు, సాక్షి లేడు, అది పాడయ్యేసరికి మనిషి పని మానేసి ఉంటాడు, మేస్త్రీ మారి ఉంటాడు, లీజు ఇంకొకరి పేరు మీదికి పోయి ఉంటుంది. జబ్బుకు 'యాక్సిడెంట్ జరిగిన రోజు' ఏదంటే, ఆ జబ్బు వల్ల పనికి పోవడం ఆగిన మొదటి రోజు అని చట్టం అంటుంది, అక్కడి నుంచి రెండేళ్లలో అర్జీ పడాలి. మామ రెండేళ్లలో ఏడాది పైగా జబ్బు పేరు తెలియకుండానే గడిచిపోయింది. మా అర్జీ 2023 జూన్‌లో పడింది. ఇంకో రెండు నెలలైతే గడువు దాటేది, ఆలస్యాన్ని క్షమించమని ఇంకో పిటిషన్, దానికి ఇంకో ఫీజు. ఈ గడువు విషయం ఓనరు చెప్పలేదు, ఆ అమ్మాయే గోడ మీది క్యాలెండర్‌లో ఎర్ర పెన్నుతో చుట్టి పెట్టింది.

అసలు కథ కౌంటరు, అంటే అవతలి వాళ్ల జవాబు, వచ్చాక. క్వారీ యజమాని తరపు లాయరు మూడు మాటలే రాశాడు. ఒకటి, ఇతను మా మనిషే కాదు, కాంట్రాక్టర్ మనిషి. రెండు, ఇతనికి ఉన్నది టీబీ, రెండుసార్లు సర్కారు మందులు వాడిన రికార్డు ఇదిగో. మూడు, ఇతనికి ఈఎస్‌ఐ (కార్మికుల బీమా) నంబరు ఉంది, అక్కడికే పొమ్మనండి.

మొదటిదానికి సెక్షన్ 12 ఉంది, కాంట్రాక్టర్ మనిషైనా అసలు యజమాని కట్టాల్సిందే, తర్వాత వాళ్లూ వాళ్లూ చూసుకుంటారు. ఇది ఓనరుకు బాగా తెలుసు, బిల్డింగ్ కేసుల్లో రోజూ వాడేదే, దడదడా చెప్పేశాడు. రెండోదానికి మాత్రం మొహం తేలేశాడు. ఆలోచించండి, తప్పు పేరు పెట్టి మందులిచ్చిన కాగితమే తర్వాత మన మీదికి సాక్ష్యంగా వచ్చింది. సిలికోసిస్, దాని మీద టీబీ కలిసినా కూడా షెడ్యూల్లో ఉంది, సిలికోసిస్సే ముఖ్య కారణమై ఉండాలంతే. ఆ వాక్యం ఓనరు ముందెప్పుడూ చదివినట్టు లేదు. చివరికి మేమే మళ్లీ హైదరాబాద్ పోయి, కళ్లె పరీక్షల్లో టీబీ క్రిమి దొరకలేదని, అంతర్జాతీయ కార్మిక సంస్థ (ఐఎల్‌ఓ) పద్ధతిలో ఎక్స్‌రే చదివితే ఇది దుమ్ము జబ్బేనని, సంపాదించే శక్తిలో ఎంత పోయిందని విడివిడిగా రాయించుకుని వచ్చాం. ఈ చివరి ముక్క చాలా ముఖ్యం. వేలికి అచ్చేసిన శాతం ఉన్నట్టు ఊపిరికి లేదు, డాక్టరు అంచనా వేసి రాయాలి, ఆ శాతం మీదే మొత్తం లెక్క. మాకు 40 అని రాశారు. బస్టాండ్ దాకా ఆగకుండా నడవలేని మనిషికి 40 ఏమిటని నాకు ఇప్పటికీ కడుపు మంట.

మూడోది, ఈఎస్‌ఐ, అసలు చావుదెబ్బ. పాలిషింగ్ యూనిట్ ఫ్యాక్టరీ కాబట్టి అక్కడ చేసిన నాలుగేళ్లూ మామకు ఈఎస్‌ఐ కట్ అయింది. ఈఎస్‌ఐ కింద ఉన్నవాడు అదే దెబ్బకు ఈ చట్టం కింద అడగకూడదు, ఈఎస్‌ఐ చట్టం సెక్షన్ 53. కానీ క్వారీ అంటే గని, గనుల చట్టం కిందికి వచ్చేదానికి ఈఎస్‌ఐ లేదు. అంటే తర్వాతి 14 ఏళ్లు మామ అటు కాదు, ఇక్కడే అడగాలి. ఒకే మనిషి, ఒకే ఊపిరితిత్తి, మధ్యలో గేటు మారితే చట్టం మారిపోయింది. ఇక్కడ కన్సల్టెన్సీ తప్పేమిటంటే, అర్జీ రాసేటప్పుడు 'ముందు ఎక్కడ చేశావు' అని మామను అడగనే లేదు. కౌంటర్లో ఈఎస్‌ఐ నంబరు చూసి మేం ఏదో దాచినట్టు మా మీదే అరిచాడు. "నువ్వు అడిగితే గదా సారూ చెప్పేది" అన్నాడు మామ నెమ్మదిగా, దగ్గుతూ. ఆ రోజే ఒక స్టార్ పూర్తిగా తీసేశాను.

ఇక నిలబెట్టింది ఏమిటంటే బిస్కెట్ డబ్బా. క్వారీలో మస్టర్ లేదు, పే స్లిప్ లేదు, వారం వారం మేస్త్రీ చింపిచ్చే చీటీ మీద పేరు, ఎన్ని అడుగులు డ్రిల్ చేశాడు, ఎంత ఇచ్చాడు, అంతే. ఆ గుమస్తా అమ్మాయి ఒకరోజు మామను "అంకుల్, ఇంట్లో పాత డబ్బాలేమైనా ఉన్నాయా, చీటీలూ గీటీలూ పెట్టుకున్నవి?" అని అడిగింది. అత్తమ్మ తెచ్చిన డబ్బాలో రెండు వందల పైన చీటీలు, నూనె మరకలతో, కొన్ని చెదలు కొట్టి. వాటితోపాటు ఒక ఫోటో. దసరా ఆయుధపూజ నాడు కంప్రెసర్‌కు గుమ్మడికాయ కొట్టి దిగిన గ్రూప్ ఫోటో, మధ్యలో యజమాని, ఆయన పక్కన మెడలో బంతిపూల దండతో జాక్‌హామర్ పట్టుకున్న మామ, వెనక బ్యానర్ మీద క్వారీ పేరు, సంవత్సరం. 'మా మనిషి కాదు' అన్న మాట ఆ ఫోటో ముందు నిలబడలేదు. ఆ అమ్మాయి చీటీలన్నీ తారీకుల వారీగా తెల్ల కాగితాల మీద అతికించి, ఒక్కో పేజీకి నంబరు వేసి, మూడు సెట్లు జిరాక్స్ తీసింది. నాలుగు రోజుల పని. ఆమె జీతం ఎంతో నేను అడగలేదు, తెలిస్తే ఇంకా బాధ.

మధ్యలో రాజీ ప్రయత్నం జరిగింది. లక్షన్నర ఇస్తాం, సంతకం పెట్టమన్నారు, ఆశ్చర్యమేమిటంటే మా ఓనరే "తీసుకోండి సార్, మళ్లీ తిరగడం ఎందుకు" అన్నాడు. ఇతరముల కట్టలో నాలుగు రాజీలు ఎలా అయ్యాయో అర్థమైంది. ఆయన్ని కూడా పూర్తిగా తిట్టలేను, 20 శాతం మీద బతికేవాడికి రేపటి ఆరు లక్షల కంటే ఇవాళ్టి లక్షన్నర ముద్దు. కానీ మీకు ఎవరికైనా ఈ దశ వస్తే గుర్తుపెట్టుకోండి, రాజీ ఒప్పందాన్ని కమిషనర్ (ఈ క్లెయిములు తేల్చే అధికారి) దగ్గర రిజిస్టర్ చేయాలి, క్వారీ ఆఫీసులో తెల్ల కాగితం మీద వేలిముద్ర వేసేది కాదు. మామ సంతకం పెట్టలేదు. ధైర్యంతో కాదు, "నా ఊపిరికి ఆని కంప్రెసర్ రేటు కూడ కట్టకపాయె" అని రోషం వచ్చి.

2024 సెప్టెంబరులో ఆర్డర్ వచ్చింది. లెక్క ఇది, జబ్బు కేసు వేసేవాళ్లకు పనికొస్తుందని రాస్తున్నాను. జీతం ఎంతైనా లెక్కకు తీసుకునే గరిష్ఠం మా కేసు నాటికి నెలకు 15,000, అది 2020 జనవరి నుంచి, అంతకు ముందు 8,000 ఉండేది. మామకు నిజంగా వచ్చేది 18,000 దాకా, యజమాని చెప్పింది 9,000, చీటీలన్నీ వరసగా లేవని కమిషనర్ 12,000కు తేల్చారు. అందులో 60 శాతం 7,200. యాభై ఏళ్ల వయసుకు నాలుగో షెడ్యూల్లో అంకె 153.09. రెండూ గుణిస్తే 11,02,248. దాంట్లో 40 శాతం 4,40,899. మూడేళ్లకు 12 శాతం చొప్పున వడ్డీ కలిపితే నాలుగు వందలు తక్కువ ఆరు లక్షలు. చీటీలు ఇంకో వంద ఉండి జీతం 15,000 తేలి ఉంటే అసలే 5,51,124 అయ్యేది. చెదలు తిన్న చీటీల ఖరీదు అది. ఈఎస్‌ఐ వాదన నిలబడలేదు, ఆఖరి 14 ఏళ్లు క్వారీలే కాబట్టి.

చట్టం ప్రకారం మూడు నెలల్లో తేల్చాలి, పదిహేను నెలలు పట్టింది. దీనికి కన్సల్టెన్సీని అనను, మూడు వాయిదాలు మాత్రం వీళ్ల వల్లే పోయాయి, ఓనరు వేరే పెళ్లిలో ఉండి ఒకటి, ఫైలు మర్చిపోయి ఒకటి, ఇంకొకదానికి కారణమే చెప్పలేదు.

నిరుడు ఆస్ట్రేలియాలో ఉండే మా కజిన్‌తో ఇదంతా చెప్తుంటే, అక్కడ వంటగట్టుకు వేసే తయారీ క్వార్ట్జ్ రాయిని, కోసే కుర్రాళ్లకు ఇదే జబ్బు వస్తోందని 2024 జూలై 1 నుంచి నిషేధించారని చెప్పాడు. మన దగ్గర రాజస్థాన్ వాళ్లు 2019లో సిలికోసిస్‌కు ప్రత్యేకంగా పాలసీ పెట్టి, జబ్బు నిర్ధారణైతే మూడు లక్షలు, చనిపోతే ఇంటివాళ్లకు రెండు లక్షలు అని రాసుకున్నారు. యజమాని ఎవరో నిరూపించమని అక్కడ అడగరు. మామ ఈ మాట విని "మరి మనం అటెందుకు పోలేదురా అల్లుడూ, రాయి అక్కడ కూడ ఉంటది గదా" అన్నాడు.

2025 నవంబరు 21 నుంచి పాత చట్టం పోయి సామాజిక భద్రతా కోడ్ వచ్చింది, జబ్బుల షెడ్యూల్ అందులోనూ ఉంది. నేను పైన రాసిన సెక్షన్లు, గడువులు, అధికారి పేరు మాత్రం మా కేసు నడిచిన పాత చట్టాలవి. ఓనరు ఫ్లెక్సీ మాత్రం ఇంకా పాతదే.

కాబట్టి స్టార్లు. ఓనరుకు ఒకటి, సెక్షన్ 12 గడగడా చెప్పినందుకు. గుమస్తా అమ్మాయికి విడిగా ఇచ్చే వీలుంటే ఐదూ ఆమెకే, లేదు కాబట్టి రెండు. మొత్తం మూడు. లారీ కేసు, వేలు కేసు అయితే నిశ్చింతగా వెళ్లండి, బాగా చేస్తారు. దుమ్ము జబ్బు అయితే ముందు ఆ అమ్మాయి ఇంకా అక్కడే పనిచేస్తోందేమో ఫోన్ చేసి కనుక్కోండి.

హైకోర్టులో అప్పీల్ వేయాలంటే యజమాని ముందు మొత్తం డబ్బు డిపాజిట్ చేయాలి, చేశారు. డబ్బు కమిషనర్ దగ్గరుంది, మామ మంచం పక్కన ఆక్సిజన్ మిషన్ ఉంది, అది రాత్రంతా కంప్రెసర్ లాగే చప్పుడు చేస్తుందని, అదే నిద్రపట్టిస్తుందని నవ్వుతాడు. మొన్న వెళ్తే, చీటీలు ఇంకా దాచాలా, పారేయాలా అని అడిగాడు. దాచమన్నాను. డబ్బా ఇప్పుడు బీరువా మీద పెట్టారు, కింద పెడితే చెదలని.